డబ్బు తీసుకుని సీటు సలహా ఇచ్చే కేంద్రం: మా అనుభవం

మా అమ్మాయి ఇంటర్ పూర్తయిన వేసవిలో హైదరాబాద్‌లోని ఒక అడ్మిషన్ల సలహా కేంద్రంలో ఆరు వేల రూపాయలు కట్టి పేరు నమోదు చేయించాము. ఐఐటీ, ఎన్‌ఐటీ వంటి కేంద్ర విద్యాసంస్థల సీట్లు కేటాయించే జోసా, రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కళాశాలల సీట్లు కేటాయించే ఎప్‌సెట్ కౌన్సెలింగులు రెండింటిలోనూ ఆప్షన్లు, అంటే కోరుకునే కళాశాలలు, బ్రాంచీల వరుస, పెట్టించడం, వచ్చిన సీట్లలో భవిష్యత్తుకు ఏది మేలో చెప్పడం తమ సేవలో భాగమని వారిచ్చిన రసీదు మీదే ఉంది. మొదటి పని చక్కగా చేశారు. రెండో పని విషయంలో మాత్రం తల్లిదండ్రులు జాగ్రత్తపడాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆప్షన్ల పట్టిక తయారు చేసిన యువకుడు మాతో దాదాపు మూడు గంటలు కూర్చున్నాడు. గత ఏడాది ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ముగిసిందో జోసా ప్రకటించిన వివరాలు తెరిచి చూపించి, వరంగల్ ఎన్‌ఐటీలో సగం సీట్లు హోం స్టేట్ కోటా కింద తెలంగాణ విద్యార్థులకే ఉంటాయి కనుక ఇతర రాష్ట్రాలవారి ర్యాంకులు చూసి బెంగపడనక్కర్లేదని వివరించాడు. వచ్చిన సీటుతో ఆగిపోవడం ఫ్రీజ్ అనీ, అదే కళాశాలలో మెరుగైన బ్రాంచి కోసం చూడటం స్లైడ్ అనీ, ఎక్కడైనా సరే పై ఆప్షన్ కోసం ఎదురుచూడటం ఫ్లోట్ అనీ ఓపికగా చెప్పాడు. రాదనుకున్న సీటును పట్టికలో పైన పెట్టినంత మాత్రాన కిందివాటికి నష్టం లేదన్న సంగతి మాకు అప్పటిదాకా తెలియదు.

చివరికి మా ముందు మూడు దారులు మిగిలాయి: వరంగల్ ఎన్‌ఐటీలో సివిల్, ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్, నగర శివార్లలోని ఒక ప్రైవేటు కళాశాలలో మేనేజ్‌మెంట్ కోటా కింద కంప్యూటర్ సైన్స్. ఈసారి మాట్లాడినది మరొక పెద్దమనిషి. ఆయన ఇచ్చిన కాగితంలో ప్రతి కళాశాల పేరు ఎదుటా అత్యధిక ప్యాకేజీ తప్ప మరే వివరమూ లేదు. మా అమ్మాయికి ఏ పని ఇష్టమో అడగకుండానే, సివిల్ చదివితే ఉద్యోగాలు ఉండవని, ప్రైవేటు కళాశాలలోనే చేర్పించమని తేల్చేశారు.

ఒక్క విద్యార్థికి వచ్చిన జీతాన్ని బట్టి తక్కిన వందల మంది సంగతి తెలియదు. కేంద్ర విద్యాశాఖ విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కళాశాలలు సమర్పించే వివరాలలో ఎందరు చేరారు, ఎందరు గడువులోగా పట్టా పొందారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, ఎందరు పై చదువులకు వెళ్ళారు అన్నవాటితో పాటు మధ్యస్థ జీతం కూడా ఉంటుంది. ఉద్యోగం వచ్చినవారిలో సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వస్తుందన్నమాట. మేమే వెతికి చూస్తే, ఆ ప్రైవేటు కళాశాల చెప్పుకునే అత్యధిక ప్యాకేజీ దాని మధ్యస్థ జీతానికి దాదాపు పది రెట్లు ఉంది. అయితే ఇది అన్ని బ్రాంచీలకూ కలిపిన లెక్క కనుక, బ్రాంచి వారీగా తెలుసుకోవాలంటే అక్కడ చదువుతున్నవారినే అడగాలి. కేంద్ర ప్రభుత్వ ఇంజనీరు ఉద్యోగాల కోసం యూపీఎస్సీ నిర్వహించే ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షలో సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ విభాగాలు ఉన్నాయి గాని కంప్యూటర్ సైన్స్ విభాగం లేదన్న ముఖ్యమైన విషయం కూడా ఆ కేంద్రంలో ప్రస్తావనకు రాలేదు.

ఆ తరువాత రెండు వారాల్లో ఆ ప్రైవేటు కళాశాల నుంచి మాకు పదకొండు ఫోన్లు వచ్చాయి. మా నంబరు మేము వారికి ఇవ్వలేదు. ఎలా వెళ్ళిందని కేంద్రం వారిని రెండుసార్లు అడిగినా సూటిగా జవాబు చెప్పలేదు. పిల్లల భవిష్యత్తు కోసం నమ్మి వచ్చినవారి పట్ల ఇలా ప్రవర్తించడం నాకు చాలా బాధ కలిగించింది.

చివరికి అమ్మాయిని తీసుకుని వరంగల్ వెళ్ళాను. మూడో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని మాకు కాంక్రీటు ల్యాబ్ చూపించింది. నీటి తొట్టిలో తేదీలు రాసిన దిమ్మలు వరుసగా ఉన్నాయి. 28 రోజులు నానిన తరువాత వాటిని యంత్రంలో పెట్టి ఎంత ఒత్తిడికి పగులుతాయో చూస్తారని ఆమె చెబుతూ ఉంటే, మా అమ్మాయి ఎనిమిది కిలోల దిమ్మ ఒకటి రెండు చేతులా ఎత్తి పట్టుకుని ప్రశ్న మీద ప్రశ్న అడిగింది. తిరుగు ప్రయాణంలో రైలు కాజీపేట దాటకముందే సివిల్‌లో చేరతానని చెప్పింది.

ఆప్షన్లు పెట్టించడం వరకే కావాలంటే అదే కేంద్రంలో రెండున్నర వేలకు చేస్తారని మాకు ఆలస్యంగా తెలిసింది. అక్కడికి వెళ్ళేవారు మొదటి రోజే ఆ సేవ మాత్రమే అడగాలి, ఫోన్ నంబరు ఏ కళాశాలకూ ఇవ్వబోమని వారిచేత రాయించుకోవాలి.