బోరోఫేగస్ పుర్రె నమూనా: పళ్లు బాగున్నాయి, పెట్టె మీది రాత తప్పు

తిరుపతి గాంధీ రోడ్డులోని ఒక బొమ్మల దుకాణంలో, ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి కోసం కొన్న బోరోఫేగస్ పుర్రె నమూనాను నెల రోజులుగా పరిశీలిస్తున్నాను. ఉత్తర అమెరికాలో సంచరించి, సుమారు 20 లక్షల సంవత్సరాల క్రితం అంతరించిన ఈ మాంసాహార శునక ప్రజాతికి 1892లో ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ ఆ పేరు పెట్టాడు.

నమూనాలో నన్ను కట్టిపడేసింది పళ్ల పనితనం. కింది దవడలోని నాలుగో అగ్రచర్వణకాన్ని పక్క పళ్లకంటే లావుగా, మొన అరిగినట్టుగా మలిచారు. పొట్టి మూతి, ఉబ్బిన నుదురు కూడా సరిగ్గా కుదిరాయి. ఎముకలు కొరికే జంతువుకు ఉండవలసిన నోరు ఇదే. కాలిఫోర్నియాలో దొరికిన దీని శిలాజ మలంలో ఎముకల ముక్కలు బయటపడ్డాయని చెప్పగానే మావాడు, "అయితే ఇది దుమ్ములగొండి లాంటిదేనా నాయనా?" అన్నాడు. దుమ్ములంటే ఎముకలే కదా, ఆ పోలిక నాకు ఎంతో నచ్చింది.

అయితే పెట్టె మీద దీనిని తోడేలుకు పూర్వీకుడని అచ్చువేయడం క్షమించరాని పొరపాటు. ఇది శునక కుటుంబంలో వేరే శాఖకు చెందినది, ఆ శాఖకు నేడు వారసులే లేరు. దవడను బిగించిన తీగ వారానికే వదులైంది. దుకాణదారు మాత్రం మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు.