సాగర్ వన్ డే టూర్ ప్యాకేజీ అని పోస్టర్లు తిరుగుతున్నయి, పైసలు కొట్టేముందు ఇది చదవండి

నల్గొండ చుట్టుపక్కల ఉన్న అక్కలకు, వదినలకు, ముఖ్యంగా చిన్నపిల్లలు ఉన్నోళ్లకు చెప్తున్న. "లేడీస్ అండ్ కిడ్స్ స్పెషల్, నాగార్జునసాగర్ వన్ డే టూర్, అంతా మేమే చూస్కుంటం" అని వాట్సాప్ స్టేటస్‌లల్ల, స్కూల్ పేరెంట్స్ గ్రూపులల్ల ఒక పోస్టర్ తిరుగుతుంది కద, దానికి అడ్వాన్స్ కొట్టేముందు కొంచెం ఆగండి. పేరు రాస్తలేను, ఎందుకంటే కంప్లైంట్ ఇంకా నడుస్తుంది. అయినా ఇట్ల చేసేటోడు ఒక్కడే కాదు, పోస్టర్ మార్చి నంబర్ మార్చి మస్తుమంది ఉన్నరు, పేరు కన్నా వాళ్ల పద్ధతి చెప్తేనే మీకు ఎక్కువ పనికొస్తది.

ప్యాకేజీ ఏందంటే పెద్దోళ్లకు 1,300, ఐదేళ్లు దాటిన పిల్లలకు 900. ఏసీ టెంపో ట్రావెలర్, పొద్దున టిఫిన్, లాంచీల నాగార్జునకొండ, అక్కడ మ్యూజియం, మధ్యాహ్నం సాగర్ చేపల భోజనం, బుద్ధవనం, ఎత్తిపోతల జలపాతం, సాయంత్రం స్నాక్స్, రాత్రి ఎనిమిదికల్ల ఇంటి ముందల దింపుడు. మా అసొంటోళ్లను ఇది ఎంత ఊరిస్తదో చెప్పాల్నా. ఆఫీసు, వంట, పిల్లల ట్యూషన్లు, అత్తమ్మ బీపీ గోళీలు, వీటి నడుమ మా ఫ్రెండ్స్ అందరం కలిసేదే ఆదివారం సాయంత్రం పానగల్ కట్ట మీద, లేకుంటే ఛాయా సోమేశ్వరం గుడి కాడ, పిల్లలు లింగం మీద పొద్దంత పడే ఆ నీడ ఏ స్తంభానిదో కనిపెడతమని గుళ్లె తిరుగుతుంటే మేం మెట్ల మీద కూసొని ముచ్చట పెట్టుకుంటం, ఆ గంటనే మా ఔటింగ్. అట్లాంటిది దసరా సెలవుల్ల ఒక రోజంతా, వంట లేకుండ, బండి కిరాయి బేరం లేకుండ అంటే ఎవరు వద్దంటరు. ఈ విషయం వాళ్లకు మనకన్న బాగ తెలుసు, అందుకే పోస్టర్ మీద ఫస్ట్ లైనే "అమ్మలకు ఒక్క రోజు రెస్ట్" అని ఉంటది.

ఇగ అసలు సంగతి. మమ్మల్ని తీస్కపోయింది శుక్రవారం. నాగార్జునకొండ మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది, దానికి శుక్రవారం సెలవు. ఇది నిన్న మొన్న పెట్టిన రూల్ కాదు, సాగర్‌ల చాయ్ పోసేటాయన్ని అడిగినా చెప్తడు. టూర్లు నడుపుడే పని అనేటోనికి తెల్వదా? తెలుసు. శని ఆదివారాలల్ల బండికి గిరాకీ ఎక్కువ, ఆ రెండు రోజులు వేరేటోళ్లకు ఎక్కువ రేటుకు ఇచ్చుకొని మనల్ని శుక్రవారం ఎక్కిస్తడు. లాంచీ స్టేషన్ కాడికి పోయినంక డ్రైవర్ మెల్లగ "మేడం ఇయ్యాల కొండకు లాంచీ లేదంట, డ్యామ్ సైడు జాలీ రైడ్ ఉంటది, దానికి టికెట్ మీరే తీస్కోవాలె" అన్నడు. ప్యాకేజీల ఉంది కద అంటే "నాకేం తెల్వదు మేడం, ఓనర్‌తోని మాట్లాడుకోండ్రి" అన్నడు, ఓనరేమో ఫోన్ ఎత్తడు. మా పెద్దోడు వారం ముందు నుంచే అందరికీ క్లాసు పీకిండు, డ్యామ్ కడితే లోయంతా మునిగిపోతదని ముందే తవ్వకాలు చేసిన్రు, దొరికిన శిల్పాలు, కట్టడాలు తీస్కపోయి కొండ మీద పెట్టిన్రు, ఇప్పుడు ఆ కొండనే నీళ్ల నడుమ దీవి అయ్యింది అని. వానికి ఏం చెప్పాలె నేను? జాలీ రైడ్ ఎక్కిపిచ్చినం, వాడు లాంచీల కూడ మొఖం మాడ్చుకొనే కూసున్నడు.

దానికన్న పెద్దది బండి సంగతి. పొద్దున ఐదున్నరకు చీకట్ల ఎక్కినం, నంబర్ ప్లేట్ ఎవరు చూస్తరు చెప్పండి. పన్నెండు సీట్ల బండిల పిల్లలతోని కలిపి పదిహేను మందిమి, మాతోని పాటు ఎవరో తెల్వని ఫ్యామిలీని కూడ ఎక్కిచ్చిండు, సీట్లు చాలకుంటే నడిమిట్ల రెండు ప్లాస్టిక్ స్టూళ్లు వేసిండు, హాలియా దాటేదాక ఏసీ ఆన్ చెయ్యమంటే "గ్యాస్ అయిపోయింది మేడం" అన్నడు. సాయంత్రం ఎత్తిపోతలకు పోదామంటే బండి కదలదు. ఎత్తిపోతల ఆంధ్ర సైడు కద, మాచర్ల రోడ్డుల, డ్యామ్ నుంచి పది పదకొండు కిలోమీటర్లు ఉంటది. కిరాయి బండి అటు దాటాలంటే దానికి తగ్గ పర్మిట్ ఉండాలె, ట్యాక్స్ కట్టి ఉండాలె. "బార్డర్ కాడ పట్టుకుంటరు మేడం" అని వాడు అన్నంక మా ఫ్రెండ్ దిగి చూస్తే ప్లేట్ తెల్లది. అంటే సొంతానికి వాడుకునే బండి. కిరాయికి తిరిగే బండికి పసుపు ప్లేట్ మీద నల్ల అక్షరాలు ఉండాలె. తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పితే ఏమైతదంటే, దేవుని దయతోని ఏం కాకుంటే ఏం కాదు, కానీ యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్సోళ్లు పర్మిట్ లేని బండి అని చేతులెత్తేసే ఛాన్స్ ఉంది, అప్పుడు కోర్టుల చుట్టూ తిరగాల్సింది మనమే. మ్యూజియం చూడకపోతే మళ్ల చూస్తం, పదిహేను మందిని స్టూళ్ల మీద కూసోబెట్టుకొని అసొంటి బండిల రానుపోను తిప్పిండు చూడు, అది తల్చుకుంటే ఇప్పటికీ కోపం వస్తది నాకు.

తిండి గురించి ఒక్క మాటల చెప్త. సాగర్‌ల రోడ్డు పక్కన కాగే నూనెల చేపలు వేయించుతుంటే ఆ వాసన బండిల దాక వస్తుంది, మా చేతుల్లనేమో పులిహోర ప్యాకెట్, ఒక అరటిపండు. పొద్దెప్పుడు కట్టిండో ఏమో, ఏసీ లేని బండిల వెనక డిక్కీల రెండింటిదాక ఉంచిండు, రబ్బర్ బ్యాండ్ తీసి కవర్ విప్పంగనే గుప్పుమంది, అన్నం వేళ్లకు జిగట జిగటగ అంటుకుంటుంది. మా వదిన పిల్లల చేతులల్లకెళ్లి గుంజి అవతల పడేసింది. బయట కొనుక్కొని తిన్నం, అది మళ్ల వేరే ఖర్చు.

బుద్ధవనం మాత్రం బాగుంది, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. 274 ఎకరాలల్ల కట్టిన్రు, 2022ల ఓపెన్ చేసిన్రు, జాతక కథల బొమ్మలు, మహాస్తూపం చూస్కుంట పిల్లలు కోపం కూడ మర్చిపోయిన్రు. కానీ అక్కడ కూడ టికెట్లు మేమే కొన్నం, నింపాదిగ చూద్దామంటే డ్రైవర్ గేటు కాడ్నించి హారన్.

వచ్చినంక పైసలు అడిగితే మొదలు "నెక్స్ట్ ట్రిప్ల 300 తగ్గిస్త అక్కా" అన్నడు, తర్వాత "పోస్టర్ కింద చూస్కోండి, స్పాట్లు మారవచ్చు అని ఉంది" అన్నడు. ఉన్నమాట నిజమే, జూమ్ చేస్తే చీమ తలకాయంత అక్షరాలల్ల ఉంది. బిల్లు ఇయ్యమంటే ఇయ్యడు, పైసలన్నీ ఎవరిదో పర్సనల్ నంబర్‌కు ఫోన్‌పే కొట్టిచ్చుకున్నడు, అది వాళ్ల బామ్మర్దిదంట. ఇంకో తెలివి చూడండి, వివరాలన్నీ స్టేటస్‌ల పెడతడు, 24 గంటలు అయితే అదే మాయమైతది, రేపు ఏం చెప్పిండో చూపియ్యనీకి మన దగ్గర ఏం ఉండదు. మా గ్రూపుల ఒక ఫ్రెండ్‌కు అన్నీ స్క్రీన్‌షాట్ తీసే అలవాటు ఉండబట్టి సరిపోయింది, ఇప్పుడు కంప్లైంట్ మొత్తం దాని మీదనే నిలబడ్డది.

1915కు ఫోన్ చేసినం, అది నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడొచ్చు. 2019 కన్జ్యూమర్ చట్టం ప్రకారం బిల్లు ఇయ్యకపోవుడు కూడ తప్పుడు వ్యాపార పద్ధతి కిందికే వస్తదంట. అక్కడ తేలకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్ల వేస్తం, ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడ లేదు, ఈ-జాగృతి సైట్ల ఇంటికాడ్నించే వేయొచ్చు. చూద్దాం ఏమైతదో.

మీరు పోవాలనుకుంటే అడ్వాన్స్ కన్న ముందు బండి నంబర్ అడగండి, ఎంపరివాహన్ యాప్ల కొడితే అది సొంత బండా కిరాయి బండా, ఫిట్‌నెస్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాక ఉంది అన్నీ వస్తయి. నంబర్ చెప్పనంటే అక్కడికే వదిలేయండి. ఏ టికెట్లు వాళ్లవి, ఏవి మనవి, లంచ్‌ల ఏం పెడతరు, ఎత్తిపోతల దాక పర్మిట్ ఉందా, ఇవన్నీ ఫోన్ల చెప్తే ఒప్పుకోకండి, మెసేజ్‌ల రాయించుకోండి, శుక్రవారం డేట్ ఇస్తే కొండ సంగతి ఏందని ఫస్టే అడగండి. నన్నడిగితే మన ఆడోళ్లకు మహాలక్ష్మి ఫ్రీ బస్సు స్కీమ్ ఉండనే ఉంది, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల ఆధార్ చూపిస్తే జీరో టికెట్, సాగర్ దాక ఫ్రీగ పోయి అక్కడ ఆటో మాట్లాడుకున్నా ఆ 1,300ల సగం కూడ కాదు. కాకపోతే సెలవుల్ల బస్సులు ఫుల్లు, మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మను, చంకల పిల్లను పెట్టుకొని ఎక్కుడు కష్టమే, అది కూడ తెలుసు, అందుకే కద ఈ ప్యాకేజీలు నడుస్తున్నయి.

ఇప్పుడు కార్తీక మాసం యాదగిరిగుట్ట ట్రిప్ అని కొత్త పోస్టర్ దింపిన్రు. ట్రావెల్స్ పేరు వేరే, ఫోన్ నంబర్ వేరే, బండి ఫోటో మాత్రం మేం పోయిందే, వెనక అద్దం మీద పగిలిన కాడ అంటించిన వెంకటేశ్వరస్వామి స్టిక్కర్ తోని సహా. నంబర్ ప్లేట్ మీద మాత్రం పువ్వు బొమ్మ పెట్టి కవర్ చేసిన్రు. మీ గ్రూపులకు వస్తే బండి నంబర్ అడిగి చూడండి, ఏమన్నడో నాక్కూడ చెప్పండి, కంప్లైంట్ల కలుపుత.