జిప్సీలో డిఫరెన్షియల్ లాకర్: ఆరేళ్లు వాడాక

మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మెలికలు తిరిగి ఉంటుంది. రెండేళ్లపాటు రోజూ పొద్దున నా మారుతి జిప్సీ ఆ ర్యాంపు ఎక్కేటప్పుడు వెనక నుంచి టిక్ టిక్ మని చప్పుడు మొదలయ్యేది. పైకి రాగానే సుత్తితో కొట్టినట్టు ఒక 'ఠక్'. మొదటి వారంలోనే వాచ్‌మన్ పెద్దాయన టార్చి వేసి కిందికి వంగి చూసి "సార్, ఏదో విరిగినట్టుంది" అన్నాడు. ఏమీ విరగలేదు. ఆటోమేటిక్ లాకర్ ఉన్న బండి అలాగే అరుస్తుంది.

లాకర్ సంగతికి ముందు డిఫరెన్షియల్ ఎందుకుందో ఒక్క మాట. జిప్సీ వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు. బండి ఒక పూర్తి చుట్టు తిరిగితే, చుట్టు చిన్నదైనా పెద్దదైనా, బయటి చక్రం లోపలి దానికంటే 8 మీటర్లు ఎక్కువ దొర్లాలి. ఆ తేడాను సర్దేది ఇరుసు నడుమ ఉండే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్. రోడ్డు మీద అది దేవుడు. బురదలో మాత్రం దానికున్న మంచి గుణమే కొంప ముంచుతుంది. రెండు చక్రాలకూ అది సమానంగానే బలం పంచుతుంది. ఒక చక్రం గాల్లో ఉంటే దాన్ని తిప్పడానికి పట్టే బలం దాదాపు సున్నా, కాబట్టి నేల మీదున్న రెండోదానికీ దక్కేది ఆ సున్నానే. ఫోర్ బై ఫోర్ వేసినా ఇదే కథ. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గాల్లోకి లేచాయంటే నాలుగు చక్రాల బండి బొమ్మలా నిలబడిపోతుంది. లాకర్ రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించేస్తుంది.

ఇది నాకు కొత్త సంగతేం కాదు. హిందూపురం దగ్గర మా మామ ట్రాక్టర్లో మడమ కింద ఒక పెడల్ ఉంటుంది. తడి పొలంలో ఒక చక్రం దిగబడితే దాన్ని తొక్కి పట్టి బయటికి తెచ్చేవాడు. నేను లాకర్ వేయించానని చెప్తే మామ అడిగింది ఒక్కటే: "ట్రాక్టర్‌కు ఊరికే వచ్చేదానికి నువ్వు దుడ్లు పోసినావా?" పోశాను మామా. ఎయిర్ లాకర్, కంప్రెసర్, ఫిట్టింగు అన్నీ కలిపితే నాలుగు టైర్లూ రెండుసార్లు మార్చుకునేంత అయింది.

మొదట వేయించింది ఆ ఎయిర్ లాకర్ కాదు, చవకది, పైన చెప్పిన ఆ అరిచే ఆటోమేటిక్ లాకర్. డిఫరెన్షియల్ గేర్లు కూర్చునే గూడు, అదే కేజ్, పాతదే ఉంచి, లోపలి చిన్న గేర్లు తీసేసి, వాటి చోట పళ్ల ముక్కలు కూర్చోబెట్టే రకం. ఇంజిన్ బలాన్ని కేజ్‌కు అందించే పెద్ద, చిన్న పళ్ల చక్రాల జతను, అంటే క్రౌన్ పినియన్‌ను, కదిలించక్కర్లేదు, ఒక్క రోజులో పని అయిపోతుంది. చిక్కేమిటంటే అది ఎప్పుడూ లాక్ అయ్యే ఉంటుంది, మలుపులో బయటి చక్రం ముందుకు పరిగెత్తినప్పుడే వదులుతుంది. అడవి దారిలో అద్భుతం. బెంగళూరు వానలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని నడపాలి. ఒకసారి హెబ్బాళ్ ఫ్లైఓవర్ దిగుతూ తడి మలుపులో కాస్త యాక్సిలరేటర్ తొక్కాను. బలమంతా లోపలి చక్రానికే వెళ్లింది, అది జారింది, ఆ వెంటనే రెండూ కలిసి లాక్ అయ్యాయి, బండి వెనక భాగం పక్క లేన్‌లోకి జరిగింది. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ నెలలోనే దాన్ని పీకించేశాను.

ఎయిర్ లాకర్ అయితే మీట నొక్కితేనే, కంప్రెసర్ గాలి ఒత్తిడితో లాక్ అవుతుంది. నొక్కనంతసేపూ మామూలు డిఫరెన్షియలే. కానీ ఇందులో కేజ్ మొత్తం మారుతుంది, అంటే క్రౌన్ వీల్‌ను కొత్త కేజ్‌కు బిగించి, పినియన్‌తో దాని పళ్ల సందును మళ్లీ కుదర్చాలి. ఆ సందు మిల్లీమీటరులో పదో వంతు లెక్క. మొదటి మెకానిక్ దాన్ని చేత్తో ఊపి చూసి "ఓకే సార్" అన్నాడు. 400 కిలోమీటర్లు తిరిగేసరికి అరవై స్పీడులో ఈల మొదలైంది, డిఫరెన్షియల్ బయటి డొప్ప, అదే హౌసింగ్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. జేసీ రోడ్డు వెనక సందులో చిత్తూరు మెకానిక్ ఒకతను ఉన్నాడంటే బండి అక్కడికి పట్టుకెళ్లాను. సంగతి విని నవ్వాడు. "అన్నా, చెయ్యి పెట్టి చూసి చెప్పేదానికి ఇదేమన్నా జ్వరమా?"

అతను పని చేసిన తీరు చూడాల్సిందే. పళ్లకు నూనెలో కలిపిన సింధూరం పూసి, పినియన్‌ను రెండు వైపులా తిప్పి, పంటి మీద ఎక్కడ రంగు చెరిగిందో నాకు చూపించాడు. రంగు పంటి అంచుకు దగ్గరగా చెరిగి ఉంది. పక్క బేరింగుల నట్లు కొద్దికొద్దిగా తిప్పుతూ, ఆ సందును కొలిచే డయల్ గేజ్ ముల్లు చూస్తూ, మూడు గంటలు కూర్చున్నాడు. చివరికి చెరిగిన మచ్చ పంటి నడుమకు, చింతగింజంత సైజులో వచ్చింది. ఈల పోయింది. ఈ నాలుగేళ్లలో మళ్లీ రాలేదు. లాకర్ ఏ కంపెనీదో తర్వాత చూసుకోవచ్చు, డయల్ గేజ్ ఉన్న మెకానిక్‌ను ముందు వెతుక్కోండి.

ఇక నడపడం. లాకర్ ఉంటే ఎక్కడికైనా దూసుకుపోవచ్చనుకుంటారు. నా అనుభవం దీనికి తలకిందులు. లాకర్ లేనప్పుడే దూసుకుపోవాల్సి వచ్చేది. సకలేశపుర దగ్గర తెలిసినవాళ్ల కాఫీ తోటలో, వాన వెలిశాక, ఒక ఎర్రమట్టి ఎక్కుడు ఉంటుంది. పాత రోజుల్లో దాన్ని సెకండ్ గేరులో ఊపుతో కొట్టేవాణ్ణి. అలా కొట్టి కొట్టి ఒకసారి మెయిన్ కమాన్ పట్టీ విరిగింది. ఇప్పుడు టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించి, వేగం తగ్గించి బలం పెంచే లో రేంజ్ ఫస్ట్‌లో, ఎక్కుడు మొదలవ్వకముందే లాకర్ వేసి, మనిషి నడిచే వేగంతో ఎక్కుతాను. చక్రం గిర్రున తిరుగుతున్నప్పుడు మాత్రం మీట నొక్కకండి, లోపలి పళ్ల మీద పడే దెబ్బ సామాన్యమైంది కాదు.

అదే తోటలో లాకర్ నన్ను భయపెట్టింది కూడా. దారి పక్కకు వాలి ఉంది, కింద నీటి కాలువ. లాకర్ వేసే ఉంది. వెనక చక్రాలు రెండూ ఒకేసారి జారి, బండి తోక నెమ్మదిగా కాలువ వైపు దిగడం మొదలైంది. ఆపి, లాకర్ తీసేసి, మెల్లగా కదిలితే ఒక చక్రం తిరుగుతూ రెండోది నేలను పట్టుకుని నిలబడింది, తోక జారడం ఆగింది. పక్కవాలులో తిరగని చక్రమే లంగరు. ఈ ముక్క నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ఇంకోటి, లాకర్ వేసి ఉంటే స్టీరింగ్ తిప్పినా బండి నేరుగానే తోసుకుపోతుంది. మలుపు వస్తే తీసేయాలి. మీట ఆపినా ఒక్కోసారి వెంటనే వదలదు. ఒక అడుగు వెనక్కి వెళ్తే వదులుతుంది.

ఫిర్యాదు ఒకటుంది. మూడో ఏడు బానెట్ తెరిస్తే లాకర్‌కు గాలి వదిలే వాల్వు, సోలెనాయిడ్ చుట్టూ గేర్ ఆయిల్ జిడ్డు. లోపలి రబ్బరు రింగు అరిగి, హౌసింగ్‌లోని నూనె గాలి పైపు గుండా పైకి వచ్చింది. రింగు చిన్నదే, కానీ దాన్ని మార్చాలంటే యాక్సిల్ షాఫ్టులు లాగి, డిఫరెన్షియల్ మొత్తం దించాల్సిందే. మళ్లీ సింధూరం, మళ్లీ గేజ్, మళ్లీ మూడు గంటలు.

ముందు యాక్సిల్‌కూ ఒకటి వేయించమని ఫ్రెండ్స్ పోరు. ముందు లాక్ అయితే స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది, దానికితోడు జిప్సీ ముందు జాయింట్లకు అంత సత్తువ లేదు. చిత్తూరు మెకానిక్‌ను అడిగితే నా ముందు టైర్ల వైపు చూశాడు. "అన్నా, ఆ టైర్లు గుండుకొట్టినట్టుండాయి. ముందు అవి మార్చు." పోయిన నెల అవే మార్చాను.