పక్క రౌటర్ ఇమేజ్‌తో బూట్ చేయడం: ఆరేళ్లు వాడాక నా మాట

ల్యాబ్ కోసం పోగేసుకున్న పాత సిస్కో రౌటర్లు నా దగ్గర ఏడున్నాయి. నాలుగు 2500 సిరీస్‌వి, మిగతా మూడు 1841లు. ఆరేళ్ల కిందట ఒక 2500లో ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ దాచుకునే మెమరీ) పోయింది. దాన్ని పారేయడానికి మనసొప్పక, పక్కనే ఉన్న 1841 నుంచి ఐఓఎస్ ఇమేజ్ (రౌటర్‌ను నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్ ఫైలు) తెప్పించుకుని బూట్ అయ్యేలా పెట్టాను. తాత్కాలికం అనుకున్నది ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

ఏర్పాటు చిన్నదే. 1841 ఫ్లాష్ కార్డులో 2500 ఇమేజ్ కూడా పెట్టి, ‘టీఎఫ్‌టీపీ-సర్వర్ ఫ్లాష్’ అన్న కమాండ్‌తో ఆ ఒక్క ఫైలు పేరే ఇచ్చాను. టీఎఫ్‌టీపీ అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంపే సాదా పద్ధతి. 1841 సొంత ఇమేజ్ 2500కి పనికిరాదు, ఏ మోడల్ ఇమేజ్ ఆ మోడల్‌కే. అటువైపు 2500 కాన్ఫిగరేషన్‌లో ‘బూట్ సిస్టమ్ టీఎఫ్‌టీపీ’ అని రాసి, ఫైలు పేరు, 1841 ఐపీ అడ్రస్ ఇస్తే సరి. కంప్యూటర్‌లో వేరే టీఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ వేసి, ఫైర్‌వాల్‌తో కుస్తీ పట్టే బాధ లేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇదే.

2500 బోర్డు మీద ఉన్న ROM చిప్పులోనే (కరెంటు పోయినా చెరగని మెమరీ) చిన్న బూట్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. ఫ్లాష్ లేకపోయినా అది లేచి, నెట్‌వర్క్‌లోంచి అసలు ఇమేజ్ తెచ్చి ర్యామ్‌లో (RAM, కరెంటు పోతే చెరిగిపోయే మెమరీ) పెడుతుంది. అయితే ఆ దశలో పెట్టె రౌటర్‌లా కాక మామూలు కంప్యూటర్‌లా ప్రవర్తిస్తుంది. మనం రాసిన స్టాటిక్ రూట్లను (ఏ నెట్‌వర్క్‌కి ఎటు వెళ్లాలో చెప్పే లైన్లు) పట్టించుకోదు. సర్వర్ వేరే సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లో ఇంకో భాగం) ఉంటే ‘ఐపీ డిఫాల్ట్-గేట్‌వే’ లైను విడిగా ఉండాల్సిందే. ఇది తెలియక మొదట్లో ఒక సాయంత్రమంతా కేబుళ్లు మార్చి మార్చి చూశాను. తప్పు కేబుల్‌ది కాదు, నాది.

ఇంకో ఇబ్బంది ర్యామ్‌తో. మామూలుగా 2500 ఇమేజ్ ఫ్లాష్‌లో ఉండే నడుస్తుంది. నెట్‌వర్క్ నుంచి వస్తే ర్యామ్‌లో కూర్చుంటుంది. ఈ సిరీస్‌లో ర్యామ్ ఎంత పెంచినా 16 ఎంబీ దాటదు. 8 ఎంబీ ఇమేజ్ దించితే సగం అక్కడికే సరి. అందుకే ఫీచర్లన్నీ ఉన్న పెద్ద ఇమేజ్ మానేసి, ఐపీ మాత్రమే ఉన్న చిన్నది వాడుతున్నాను. ర్యామ్‌లోంచి నడవడం వల్ల ఒక మేలూ జరిగింది. ఫ్లాష్ బాగున్న మిగతా 2500లలో, ఇమేజ్ అందులోంచే నడుస్తున్నప్పుడు ఫ్లాష్ చదవడానికే తప్ప రాయడానికి వీలివ్వదు. వాటిని కూడా ఇలా నెట్‌వర్క్ నుంచి బూట్ చేస్తే ఫ్లాష్ ఖాళీగా దొరుకుతుంది, కొత్త ఇమేజ్ నింపుకోవచ్చు. అప్‌గ్రేడ్‌లన్నీ ఈ దారిలోనే చేశాను.

అసలు టెన్షన్ కరెంటు పోయినప్పుడు. తిరిగి వచ్చేసరికి రెండు రౌటర్లూ ఒకేసారి లేస్తాయి. 1841 తన ఇమేజ్ విప్పుకుని తేరుకునేలోపే 2500 ‘ఫైలు ఇవ్వు’ అని అడగడం మొదలుపెడుతుంది. కొన్నిసార్లు అడిగి, జవాబు రాక, ‘బూట్’ అన్న ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయేది. నేను వెళ్లి రీలోడ్ కొడితే తప్ప కదిలేది కాదు. రెండేళ్లు ఇలాగే పడ్డాక కాన్ఫిగరేషన్ రిజిస్టర్ (రౌటర్ ఎలా బూట్ కావాలో చెప్పే అంకె) గురించి నిదానంగా చదివాను. అందరూ పెట్టుకునే 2102లో మొదటి 2 అర్థం ఏమిటంటే, నెట్‌వర్క్ బూట్ కుదరకపోతే ROMలో ఉన్నదానితో సరిపెట్టుకోమని. దాన్ని తీసి 0102 చేస్తే సర్వర్ దొరికేదాకా అడుగుతూనే ఉంటుంది. అప్పటినుంచి కరెంటు వచ్చాక నేను లేవాల్సిన పని లేదు.

దీనికీ ఒక మెలిక ఉంది. ఒకసారి ఫైలు పేరులో ఒక చిన్న అక్షరాన్ని పెద్ద అక్షరంగా కొట్టాను. పేరు దొరక్క, ఆ పెట్టె అడిగిందే అడుగుతూ కూర్చుంది. బూట్ మొదలైన మొదటి 60 సెకన్లలో కన్సోల్ (కేబుల్‌తో నేరుగా కలిపే పోర్టు) నుంచి బ్రేక్ కొట్టి ఆపుకోవాల్సి వచ్చింది. ఫ్లాష్ ఉన్న రౌటర్లలోనైతే ఈ పాట్లు అక్కర్లేదు. అడుగున ‘బూట్ సిస్టమ్ ఫ్లాష్’ అని ఇంకో లైను వేస్తే చాలు. ఈ లైన్లను పై నుంచి కిందికి వరసగా చూస్తుంది, కొత్తగా రాసింది ఎప్పుడూ అడుగునే చేరుతుంది. వరస మార్చాలంటే అన్నీ తీసేసి మళ్లీ రాయాలి.

1841లకు ఈ పద్ధతిని రోజూ వాడను, ప్రాణం మీదికి వచ్చినప్పుడే. ఫ్లాష్ కార్డు చెడి రామ్‌మాన్ (ROMMON, ROMలో ఉండే అత్యవసర మోడ్) ప్రాంప్ట్‌లో పడితే, అక్కడే ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, సర్వర్, ఫైలు పేరు ఇచ్చి ఇంకో 1841 నుంచి దించుకోవచ్చు. ఆ డౌన్‌లోడ్ కమాండ్‌కు ‘ఆర్’ ఆప్షన్ చేర్చడం మాత్రం మరవద్దు. చేరిస్తే ఇమేజ్ ర్యామ్‌లోకి మాత్రమే వస్తుంది. చేర్చకపోతే ముందు ఫ్లాష్‌ను తుడిచేస్తుంది. హెచ్చరిక చూపిస్తుంది గానీ, అర్ధరాత్రి హెచ్చరికలు చదివే ఓపిక ఎవరికుంటుంది? నేను చదవకుండా ‘వై’ కొట్టి, దాచుకున్న కాన్ఫిగరేషన్లు పోగొట్టుకున్నాను. ఇది కాకపోతే కన్సోల్ కేబుల్ మీదే ఫైలు పంపే ఎక్స్‌మోడెమ్ దిక్కు. సెకనుకు 9600 బిట్ల వేగంతో 16 ఎంబీ ఫైలు దిగడానికి దాదాపు ఐదు గంటలు.

టీఎఫ్‌టీపీకి పాస్‌వర్డ్ లేదు కాబట్టి సర్వర్ కమాండ్ చివర యాక్సెస్ లిస్ట్ (ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితా) నంబర్ తగిలించాను. ల్యాబ్ బయట, నలుగురు ఆధారపడే నెట్‌వర్క్‌లో మాత్రం రోజువారీ బూట్ కోసం దీన్ని పెట్టమని ఎవరికీ చెప్పను. ఒక పెట్టె లేవడానికి ఇంకో పెట్టె, మధ్యలో స్విచ్, కేబుల్ అన్నీ బాగుండాలి. రెండో లైనుగా, అవసరానికి ఆదుకునే దారిగా ఉంచుకోమంటాను.

ఆ 2500కి సరిపోయే ఫ్లాష్ మాడ్యూల్ రెండేళ్ల కిందటే దొరికింది. సొరుగులో ఉంది. ఇంకా బిగించలేదు.