రెండేళ్ళుగా జుట్టు వెనక్కే దువ్వుతున్నా, నీళ్ళకి కరిగే పొమేడ్ గురించి నా గోల

ముందే చెప్తున్నా, ఈ పొమేడ్ (జుట్టు చెప్పినట్టు పడుకోవడానికి రాసే మెత్తటి జిడ్డు ముద్ద) ఏ కంపెనీ డబ్బా అని అడగొద్దు. ఈ రెండేళ్ళ నాలుగు నెలల్లో మూడు కంపెనీలవి కలిపి ఆరు డబ్బాలు ఖాళీ చేసి ఏడోది వాడుతున్నా, అన్నీ ఒకటే జాతి, నీళ్ళతో కడిగితే పోయే రకం, వాసనలో తేడా తప్ప పనిలో పెద్ద తేడా ఏం కనపడలేదు. పొమేడ్ అంటే ఏంటి, ఎన్ని గ్రాములు, ఎంత షైను, ఎంత హోల్డు, వీటికి వీడియోలు బోలెడున్నాయి. నేను చెప్పాలనుకుంది ఒక్కటే గుణం గురించి. ఇది తడి తగిలితే మళ్ళీ లేస్తుంది.

నేను మెడికల్ రెప్‌ని. విజయవాడ, గుంటూరు, తెనాలి నా ఏరియా. రోజుకి పది పన్నెండు మంది డాక్టర్లు, ఒక క్లినిక్ నుంచి ఇంకో క్లినిక్‌కి బండి, బండి అంటే హెల్మెట్. హెల్మెట్ పెట్టుకునేవాడికి హెయిర్ స్టైల్ ఏంట్రా అని మా ఫీల్డులో అందరూ నవ్వేవాళ్ళే. నేను జెల్ వాడిన రోజుల్లో హెల్మెట్ తీయగానే నెత్తి మీద అట్ట కట్టింది విరిగి భుజాల మీద తెల్లపొట్టు రాలేది, ఒక స్కిన్ డాక్టర్ గారైతే అది చుండ్రనుకుని నేనిచ్చిన షాంపూ శాంపిల్ నాకే తిరిగిచ్చి "ముందు మీరు వాడండి" అన్నారు. ఆ రోజుతో జెల్ బంద్.

ఈ పొమేడ్ అసలు గట్టిపడదు. అదే దీని గొప్ప. క్లినిక్ బయట బండి ఆపి, బాటిల్లోంచి మూతెడు నీళ్ళు అరచేతిలో పోసుకుని, నుదుటి మీంచి వెనక్కి రెండుసార్లు నిమిరి, జేబులో దువ్వెన తీసి బండి అద్దంలో చూస్తూ నాలుగుసార్లు లాగితే చాలు, పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పటి తల మళ్ళీ వచ్చేస్తుంది. కొత్తగా రాయాల్సిన పని లేదు, పొద్దున రాసిందే లోపల నిద్రపోతా ఉంటుంది, నీళ్ళు తగలగానే లేస్తుంది. రోజుకి పదిసార్లు హెల్మెట్ తీసి పెట్టేవాడికి ఇది ఎంత సుఖమో కారులో తిరిగేవాళ్ళకి అర్థం కాదు. మొదటి ఆరు నెలలు నేను కనపడ్డ ప్రతి రెప్‌కీ దీని గురించే చెప్పా, వాళ్ళు నా ప్రోడక్ట్ మర్చిపోయారు గానీ దీన్ని మర్చిపోలేదు.

అసలు వెనక్కి దువ్వడమే ఎందుకంటే, నాకు నుదుటి దగ్గర కుడివైపు ఒక సుడి, నడినెత్తిన ఇంకో సుడి. రెండు సుళ్ళున్నోడికి రెండు పెళ్ళిళ్ళని మా నానమ్మ అనేది, రెండో పెళ్ళి సంగతి దేవుడెరుగు, ఆ ముందున్న సుడి వల్ల పక్క పాపిడి తీస్తే అక్కడ ఒక గుప్పెడు జుట్టు కోడిజుట్టులా లేచి నిలబడేది. మా సెలూన్ కుర్రాడే సలహా ఇచ్చాడు, "అన్నా అది పడుకోదు, దాంతోపాటు అన్నీ వెనక్కి లేపేద్దాం" అని. అయితే పైన కనీసం నాలుగంగుళాలు కావాలి, జుట్టేమో నెలకి అరంగుళం పెరిగితే ఎక్కువ, కాబట్టి మధ్యలో ఓ నాలుగైదు నెలలు అటూ ఇటూ కాకుండా చెవుల మీద పడుతూ, మేనేజర్ "హెల్త్ బాలేదా" అని అడిగేలా ఉంటుంది, ఆ దశ దాటాలి. ఇంకోటి, పక్కల జీరో మెషిన్ కొట్టించకండి. సెలూన్లోంచి బయటికొచ్చినప్పుడు హీరోలానే ఉంటారు, రెండు వారాల్లో ముళ్ళపంది. నేను పక్కల కత్తెరతోనే తీయిస్తా, కిందకి వచ్చేకొద్దీ కొంచెం కొంచెం తగ్గిస్తూ.

రాయడంలో నేను నేర్చుకున్నది రెండే విషయాలు. చింతగింజంత తీసుకుని అరచేతుల్లో రుద్దాలి, ఉండలు లేకుండా వేడెక్కి చెయ్యంతా ఒకటే నిగనిగలాడేదాకా, అప్పుడు ముందు నుంచి కాదు, నడినెత్తి నుంచీ వెనక నుంచీ మొదలుపెట్టి చివర్లో ముందుకి రావాలి. ముందు మొదలుపెడితే మొత్తం నుదుటి దగ్గరే ముద్దగా ఉండిపోతుంది, వెనకాల కాకిగూడు. రెండోది డ్రయర్. జుట్టు తడిగా ఉన్నప్పుడు లోపలి హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, ఆరేటప్పుడు ఎటు పట్టుకుంటే అటే మళ్ళీ కట్టుకుంటాయి (బీఫార్మసీ చదివినందుకు అక్కరకొచ్చింది ఇదొక్కటే). అందుకని సుడి ఎటు తిరిగితే దానికి ఎదురు దువ్వెన పెట్టి నొక్కి రెండు నిమిషాలు వేడిగాలి కొట్టి, తర్వాత చల్లగాలి కొట్టి, అప్పుడు వదలాలి. ఆ పని చేయకుండా పొమేడ్ ఎంత మెత్తినా పదకొండింటికి సుడి లేచి కూర్చుంటుంది. ఆఖర్న గీతలు గీతలుగా కనపడాలంటే మా అమ్మ దగ్గరున్న పేలదువ్వెన, బజార్లో ఏ ఖరీదైన దువ్వెనా దాని ముందు పనికి రాదు.

దీనికి ముందు పాతకాలం రకం కూడా వాడా, పెట్రోలియం జెల్లీ, మైనం కలిపిన గ్రీజులాంటిది, ఫ్రెండ్ అమెరికా నుంచి తెచ్చిచ్చాడు. పట్టు మాత్రం ఉడుం పట్టే. కానీ మూడుసార్లు షాంపూ పెట్టినా నీళ్ళు తామరాకు మీద బొట్లలా జారిపోయేవి. నాలుగోరోజు మా అమ్మ కూర్చోబెట్టి, నూనెని నూనెతోనే తీయాలని కొబ్బరినూనె పట్టించి, తల తడపకుండానే శనగపిండి వేసి రుద్ది, ఆ తర్వాత కుంకుడుకాయ రసంతో కడిగితే అప్పుడు వదిలింది. కళ్ళు మండి ఆముదం తాగిన మొహం పెట్టుకుని కూర్చున్నా, "మీ తాత ఆముదంతోనే ఇలా నున్నగా దువ్వేవాడు, డబ్బులు పోసి అమెరికా నుంచి తెప్పించాలా" అంది. ఆ మాటా నిజమే, చాలా పొమేడ్ డబ్బాల వెనక చదివితే ఆముదం ఉంటుంది.

సరే, ఇప్పుడు అసలు కథ.

కిందటి ఏడు మే నెలలో మా చెల్లెలి పెళ్ళి. తెనాలి దగ్గర ఓపెన్ లాన్, ముహూర్తం రాత్రి పదకొండు దాటాక. ఒక్కగానొక్క అన్నని, ఫోటోల్లో బాగుండాలి కదా అని సాయంత్రం ఐదింటికే తల సెట్ చేసుకున్నా, అద్దంలో చూసుకుంటే నాకే ముచ్చటేసింది. మే నెల కృష్ణా గుంటూరు ఉక్కపోత ఎలా ఉంటదో తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, చీకటి పడ్డా ఆకు కదలదు. వచ్చేవాళ్ళని పలకరిస్తూ, భోజనాల దగ్గర పరిగెడుతూ, ఏడింటికల్లా చెమటకి జుట్టు జారింది. ఏముంది, మనకి మంత్రం తెలుసు, చేతులు కడుక్కునే చోట తడి చేత్తో నిమిరి దువ్వా. తొమ్మిదింటికి మళ్ళీ. ఈసారి లేవలేదని జేబులో చిన్న డబ్బాలోంచి ఇంకో చింతగింజంత పూశా. పదకొండింటికి ఇంకోటి. అప్పటికి నెత్తి మీద మూడు పొరలు, వాటి కింద ఆగకుండా చెమట.

జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ బానే గడిచాయి. తెల్లారుజామున నాలుగింటికి అప్పగింతలు. పెళ్ళికూతురి చేతులు పాలల్లో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు కదా, ఆ పాల గిన్నె నా చేతిలో పెట్టారు. వెండి గిన్నె, అంచు దాకా పాలు, రెండు చేతులతో పట్టుకోవాలి. వీడియో కుర్రాడు ఆ పెద్ద లైటు తెచ్చి సరిగ్గా నా మొహం మీద పెట్టాడు. ఆ వేడికి నుదుటి దగ్గర చల్లగా ఏదో కదిలినట్టైంది. ముందు కుడి కనుబొమ్మ మీదకొచ్చి ఆగింది. నేను కనుబొమ్మ ఎగరేసి ఆపాలని చూశా. ఆగలేదు.

ఆ మంట ఎలా ఉందంటే పచ్చిమిరపకాయ కోసిన చేత్తో కన్ను నలుపుకున్నట్టు. తుడుచుకుందామంటే రెండు చేతుల్లో పాలు. భుజంతో తుడుద్దామని వంగితే గిన్నె ఒలుకుతుంది, ఒలికితే అపశకునం. రెండో కంట్లోకి కూడా దిగింది. కళ్ళు మూసుకుంటే ధారలు, తెరిస్తే మంట. ముక్కు కూడా మొదలైంది. మా పెద్దమ్మ వెనక నుంచి వీపు నిమురుతూ "ఊరుకో నాయనా, ఎంత దూరం పంపిస్తున్నాం, హైదరాబాదేగా" అంటోంది. నేను ఏడవట్లేదు పెద్దమ్మా అందామంటే గొంతు కూడా పూడుకుపోయింది, అది విని ఆవిడా ఏడుపు అందుకుంది. మా చెల్లెలు అప్పటిదాకా నవ్వుతూనే ఉంది, తల తిప్పి నా మొహం చూసింది, అంతే, "అన్నయ్యా" అని ఒక్కసారిగా భోరుమంది. మా నాన్న జీవితంలో ఏడవగా నేను చూడలేదు, ఆ రోజు చూశా.

వీడియోలో ఆ ముక్కని స్లో మోషన్లో పెట్టి కింద సన్నాయి వేశాడు. మా చుట్టాల్లో ఇప్పటికీ చెల్లెలంటే ప్రాణం పెట్టే అన్నగా నాకు మంచి పేరు. చెల్లెలికి ఇంతవరకు చెప్పలేదు. అంటే దానిమీద ప్రేమ లేదని కాదు, ఉంది, కానీ ఆ రోజు కారింది ప్రేమ కాదు.

తర్వాత డబ్బా వెనక చదివితే సంగతి అర్థమైంది. నీళ్ళకి కరగాలంటే లోపల నూనెనీ నీళ్ళనీ కలిపే ఎమల్సిఫయర్ ఉండాలి, చాలా డబ్బాల మీద సెటియరెత్-25 అని కనపడుతుంది. సబ్బు జిడ్డుని నీళ్ళల్లో కలిపేసినట్టే ఇదీ. నాకు ఉదయం పదింటికి సుఖాన్నిచ్చే గుణమూ, తెల్లారుజామున నాలుగింటికి నా పరువు తీసిన గుణమూ ఒకటే. దానికి బాటిల్ నీళ్ళేవో చెమటేదో తేడా తెలీదు కదా పాపం.

అప్పటినుంచి నా పొగడ్తలకి కొన్ని సవరణలు. రోజంతా నిలబడుతుంది అని అందరికీ చెప్పా కదా, అది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అని చదువుకోండి. వానాకాలం హెల్మెట్ తీసి క్లినిక్‌లోకి పరిగెత్తే ఆ పది అడుగుల్లో తల తడిస్తే జారుడే. ఇంకా, రోజూ వాడొచ్చు అని కూడా చెప్పా. వాడటం మొదలుపెట్టిన ఎనిమిదో నెలలో నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట వరసగా చిన్న చిన్న పొక్కులొచ్చాయి, అదే స్కిన్ డాక్టర్ గారు చూడగానే ఇది పొమేడ్ వల్ల వచ్చే మొటిమలే అన్నారు, రాత్రి పడుకునే ముందు నుదురు కడుక్కోమని, వారానికోరోజు తలని వదిలేయమని చెప్పారు. తగ్గాయి. ఇప్పుడు ఆదివారం నా తల నా ఇష్టం కాదు, దాని ఇష్టం. దిండు గలీబుల గురించి మా ఆవిడ వెర్షన్ వేరే ఉంటుంది, పాతకాలంలో ఇంగ్లండ్‌లో మగాళ్ళు తలకి మకాసర్ ఆయిల్ రాసుకుని కుర్చీలు పాడుచేస్తుంటే కుర్చీ వీపుకి గుడ్డలు వేసి వాటికి యాంటీమకాసర్ అని పేరు పెట్టారట అని ఆవిడకి చెప్పా, అయితే ఆ గుడ్డలేవో మీరే ఉతుక్కోండి అంది.

అసలు చెప్పాల్సిన ఇబ్బంది ఇంకోటుంది. నాకు 37 నడుస్తున్నాయి, కణతల దగ్గర జుట్టు మెల్లిగా వెనక్కి జరుగుతోంది. పక్క పాపిడికి దాచే గుణం ఉంది, వెనక్కి దువ్వితే దాచడానికేం ఉండదు, పైగా తడి మెరుపుకి వెంట్రుకలు పాయలుగా అతుక్కుని మధ్యలో మాడు కనపడుతుంది, లిఫ్టులో లైటు కింద నిలబడితే ఇంకా. బిగించి వెనక్కి కట్టేవాళ్ళకి ఆ లాగుడుకే ముందు జుట్టు ఊడుతుంది, నాది దువ్వడమే కాబట్టి అంత భయం లేదు గానీ పేలదువ్వెన మాత్రం వారానికి రెండుసార్లకి తగ్గించా.

కొనొచ్చా అంటే, బండి మీద తిరిగే ఉద్యోగమైతే, జుట్టు ఒత్తుగా ఉంటే, సుడి పీడిస్తుంటే, కొనొచ్చు, నాలాంటోడికి నాలుగు నెలలొస్తుంది ఒక డబ్బా. ఏసీలో కూర్చునేవాళ్ళకి ఇంత అవసరం లేదేమో, జుట్టు పలచగా ఉంటే మెరుపు లేని క్లే (మట్టి కలిపిన హెయిర్ ముద్ద) లాంటిది నయమని మా సెలూన్ కుర్రాడి మాట, నేను వాడలేదు. నా ఏడో డబ్బా అడుగుకొచ్చింది, మార్చి దాకా లాగుతుంది. ఆగస్టులో మా పిన్ని కొడుకు పెళ్ళి, మళ్ళీ ఓపెన్ లానే అంట. ఆ రోజుకి మాత్రం పక్క పాపిడే, సుడి లేస్తే లేవనీ.