హైదరాబాద్ నుంచి డాలస్ "17 గంటలే" అని టికెట్ అమ్ముతున్నారు, కాస్త చూసుకుని కొనండి

మే నెలలో అమ్మానాన్నల్ని ఇక్కడికి పిలిపించుకున్నాం, టికెట్లు ఊళ్ళో ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర తీసుకున్నా, మిగతా వాళ్ళకంటే ఇద్దరికీ కలిపి 18 వేలు తక్కువ. "తెల్లారుజామున 4:20కి ఎక్కితే అదే రోజు రాత్రి 9కి డాలస్‌లో దిగుతారు సార్, 17 గంటలు కూడా పట్టదు" అన్నాడు. నాకూ డౌటొచ్చి దూరాలు చూపించే సైట్ ఒకటి ఓపెన్ చేశా, శంషాబాద్ నుంచి డాలస్ దాదాపు 14,400 కిలోమీటర్లు, 16 గంటలు అని ఉంది. సరిపోయింది కదా అని కట్టేశా. నా తెలివి అక్కడే తెల్లారింది.

ఆ సైట్ లెక్కేంటంటే భూగోళం మీద అతి దగ్గర దారి గీసి గంటకి 900 కిలోమీటర్ల స్పీడ్‌తో భాగిస్తుంది. ఆ దారి దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది, మన దగ్గర్నుంచి డాలస్‌కి అలా డైరెక్ట్‌గా వెళ్ళే ఫ్లైటే లేదు. వీళ్ళది దుబాయ్ మీదుగా, అంటే 2,550 కిలోమీటర్లు ఒకటి, 12,900 పైన ఇంకొకటి, గాల్లోనే 20 గంటలు. ఇక ఏజెంట్ లెక్క ఇంకా ఘోరం, టికెట్ మీద టైమ్ ఏ ఊరిది ఆ ఊరిదే ఉంటుంది, ఆయన 9 లోంచి 4:20 తీసేశాడంతే. ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, అది కలిపితే 27 గంటల 10 నిమిషాలు. గుంటూర్లో సాయంత్రం 6కి కారెక్కిన దగ్గర్నుంచి లెక్కేసుకుంటే 37 దాటింది, నాన్నకి 71 ఏళ్ళు.

సరే టైమ్ సంగతి పక్కన పెడితే అసలు దెబ్బ వేరే ఉంది. అవి రెండు వేర్వేరు టికెట్లు, రెండు పీఎన్ఆర్‌లు, అంటే బుకింగ్ నంబర్లే రెండు. మొదటిదాంట్లో మనిషికి 30 కిలోలే, రెండోదాంట్లో 23 కిలోల సూట్‌కేసులు రెండేసి. శంషాబాద్ కౌంటర్ ముందు సూట్‌కేసులు నేల మీద పరిచి అమ్మ ఆవకాయ డబ్బా ఒక చేత్తో, సున్నుండల డబ్బా ఇంకో చేత్తో పట్టుకుని ఏది వదలాలో తెలీక నిలబడిందట. చివరికి ఎక్సెస్ కట్టారు, ఆ 18 వేలు అక్కడే హరీ. దుబాయ్‌లో దిగాక ఫోను, "ఒరేయ్ నాన్నా, బ్యాగులు మీరే తీసుకుని బయటికెళ్ళి మళ్ళీ చెకిన్ చేసుకోమంటున్నార్రా". వీల్‌చెయిర్ కూడా రెండో టికెట్‌కే పెట్టాడు మహానుభావుడు. అమెరికా వీసా ఉంది కాబట్టి అక్కడ డబ్బు కడితే వీసా ఆన్ అరైవల్ ఇచ్చారు, లేకపోతే ఏమయ్యేదో. మధ్యలో ఏడు గంటలుంది కాబట్టి సరిపోయింది గానీ మొదటి ఫ్లైట్ బాగా లేటయితే రెండోదాని వాళ్ళకి సంబంధమే లేదు, ప్యాసింజర్ రాలేదని నో షో వేసేస్తారు.

కాబట్టి కట్టే ముందు రెండు టైములూ ఇండియా టైమ్‌లోకి మార్చి తీసివేయండి, పీఎన్ఆర్ ఒకటేనా, బ్యాగ్ ట్యాగ్ డాలస్ దాకా వేస్తారా అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని, అంటే మధ్యలో బ్యాగులు మనమే తీసుకుని మళ్ళీ చెకిన్ చేసుకోవాలని, చిన్నక్షరాల్లో ఎక్కడో ఉంటుంది, పెద్దవాళ్ళకైతే అది అసలొద్దు.

ఏజెంట్‌కి ఫోన్ చేసి దులిపితే "అంతా టికెట్ మీదే ఉంది కదండీ" అన్నాడు. రిటర్న్ కూడా ఇలాగే రెండు ముక్కలు, అక్టోబర్‌లో. క్యాన్సిల్ చేస్తే ఎంత కోస్తారో ఇప్పుడు కనుక్కుంటున్నా.