ఆదివారం ఆరాధనకు ఇయర్ మఫ్‌లు: 14 నెలల వాడకం తరువాత నా సమీక్ష

కర్మాగారాల్లో యంత్రాల రొద నుండి చెవులను కాపాడుకోవడానికి వాడే ఇయర్ మఫ్‌లను నేను 14 నెలలుగా, చెన్నై పెరంబూరులోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం ఆరాధనకు పెట్టుకుంటున్నాను. నేను 16వ ఏట బాప్తిస్మం పొందాను. నాకు ఆటిజం ఉందని 31వ ఏట నిర్ధారణ అయింది. ఇటువంటి వస్తువు గురించి నాలాంటి విశ్వాసి ఎవరైనా రాశారేమోనని చాలా వెతికాను. కనిపించలేదు కనుక నేనే రాస్తున్నాను.

మా సంఘం కూడుకునేది కాంక్రీటు హాలులో. తెరలూ తివాచీలూ లేని ఆ గోడలు డ్రమ్ముల మోతను, రెండు పెద్ద స్పీకర్ల ధ్వనిని మళ్లీ మనమీదికే తిప్పికొడతాయి. స్తుతి గీతాల సమయంలో నాలుగో వరుసలో నా ఫోను మీటరు 96 డెసిబెల్స్ చూపించింది. ఫోను మీటరును పూర్తిగా నమ్మలేం గానీ, కార్మికుల వినికిడిని కాపాడడానికి 8 గంటల పనికి 85 డెసిబెల్స్‌ను హద్దుగా పెడతారని తెలిస్తే ఆ అంకె ఎంత పెద్దదో అర్థమవుతుంది. పక్కనున్నవారికి అది ఉత్సాహం. నాకు మాత్రం తాళం దెబ్బ పళ్లలో తగులుతుంది, మైకు కీచుమంటే కళ్లు బైర్లు కమ్ముతాయి, మూడో పాటకు వచ్చేసరికి నోట మాట రాదు.

శబ్దం, వెలుతురు, స్పర్శ వంటివాటికి మామూలుకంటే ఎక్కువగానో తక్కువగానో స్పందించడాన్ని, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేర్చింది. డాక్టరుగారు వివరించేవరకు నాకు ఆ సంగతి తెలియదు. చదువుకునే రోజుల్లో వెళ్లిన మరో సంఘంలో, పాటల మధ్యలో నేను లేచి బయటికి వెళ్లిపోవడం చూసి, స్తుతిని ఓర్చుకోలేని దురాత్మ ఏదో నాలో ఉందని ఒక పెద్దాయన అన్నారు. నలుగురు నా తలమీద చేతులుంచి బిగ్గరగా ప్రార్థించారు. ఆ స్పర్శను, ఆ కేకలను ఒకేసారి తట్టుకోలేక నేను వణికిపోతే, ఆ వణుకునే రుజువుగా తీసుకున్నారు. ఆ తరువాత మూడేళ్లపాటు ప్రతి శుక్రవారం ఉపవాసముండి, నా చెవులను మార్చమని దేవుణ్ణి వేడుకున్నాను. ఒక వస్తువు సమీక్షలో ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. దీన్ని కొనాలనుకునే విశ్వాసికి ధరకంటే ముందు ఎదురయ్యే ప్రశ్న, ఆరాధనలో చెవులు మూసుకుంటే దేవుణ్ణి వద్దన్నట్టా అన్నదే. మార్కు సువార్త 7వ అధ్యాయంలో, చెవుడూ నత్తీ ఉన్న మనిషిని ప్రభువు జనసమూహంలో నుండి ఏకాంతంగా పక్కకు తీసుకువెళ్లాకే ముట్టుకున్నాడు. ఆ గుంపులో ఆ మనిషి పడుతున్న అవస్థ ప్రభువుకు తెలుసునని నేను నమ్ముతాను. ఆ భాగం చదివిన వారంలోనే ఇయర్ మఫ్‌లు తెప్పించుకున్నాను.

నేను కొన్నవాటి బరువు సుమారు 235 గ్రాములు. శబ్దాన్ని ఎంత తగ్గిస్తాయో తెలిపే ఎన్ఆర్ఆర్ అంకె 27 అని పెట్టె మీద ఉంది. అలాగని 96లో నుండి 27 నేరుగా తీసివేయకూడదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెప్పే జాగ్రత్త లెక్క ప్రకారం ఆ అంకెలో నుండి 7 తీసివేసి, మిగిలినదాన్ని సగం చేస్తే నికరంగా వచ్చేది 10 డెసిబెల్స్. పది చిన్న అంకెలాగే కనిపిస్తుంది గానీ, చెవికి మోత దాదాపు సగానికి తగ్గినట్టు తెలుస్తుంది. ఆ సగమే నన్ను చివరి ఆశీర్వాదం దాకా హాలులో కూర్చోబెట్టింది.

తాళాలు, కీబోర్డు హెచ్చు స్వరాలు, మైకు కీచు బాగా తగ్గుతాయి. పెద్ద డ్రమ్ము, బేస్ గిటారు అంతగా తగ్గవు, ఎందుకంటే చెవులను మూసే ఇటువంటి కప్పులు హెచ్చు స్థాయి శబ్దాలను ఆపినంతగా మంద్ర శబ్దాలను ఆపలేవు. పైగా ఆ అదురు నేల మీదుగా, కుర్చీ మీదుగా ఒంటిలోకి ఎక్కుతుంది. స్పీకరుకు వీలైనంత దూరంగా కూర్చోవడం తప్ప దానికి మరో మార్గం నాకు దొరకలేదు.

మన ఆడవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. ముసుగు వేసుకుంటే కొంగు కప్పులను కలిపే నున్నటి తలబ్యాండు మీద నిలవక జారిపోతుంది. కొంగును కప్పుల కింద దోపితే గుడ్డ మడతల సందులోంచి మోత లోపలికి వస్తుంది. నేను బ్యాండు చుట్టూ పాత నూలు చీర ముక్క కుట్టాను. అప్పటినుండి కొంగు కదలడం లేదు, కప్పులు కూడా సగం దాని చాటునే ఉంటున్నాయి. కళ్లజోడు ఉన్నవారు సన్నని కాడలున్న జోడే ఎంచుకోవాలి, లావు కాడల సందులోంచి కూడా మోత వస్తుంది.

చెన్నై ఎండాకాలంలో 40 నిమిషాలకే చెవుల చుట్టూ చెమట కారుతుంది. ఎనిమిదో నెలలో ఒక మెత్త పగిలింది. విడి మెత్తలు దొరికే రకమైతేనే కొనండి. రైల్వే కార్ఖానాలో పనిచేసి రిటైరైన మా నాన్నగారు మాత్రం వీటిని చూసి, "పనిముట్టు కదమ్మా, దీనికి సిగ్గెందుకు" అన్నారు.

వాక్యం సంగతికి వస్తే, వీటితో ప్రసంగం సరిగా అర్థం కాదు, కాబట్టి పాటలు అయ్యాక తీసేస్తాను. మా పాస్టరుగారు మొదటి ఆదివారం నన్ను అడిగింది ఒక్కటే: "వాక్యం వినబడుతోందా అమ్మా?" ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మరుసటి వారం నేను కూర్చునే వైపు స్పీకరును పక్కకు తిప్పించారు. రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు ఆదివారం బల్ల దగ్గర వాయిద్యాలు లేకుండా పాత కీర్తన ఒకటి పాడించడం కూడా అప్పుడే మొదలైంది. అంతకుముందు హాలు ఖాళీ అయ్యాక ఒంటరిగా వాటిని తీసుకునేదాన్ని. ఇప్పుడు మఫ్‌లు మెడలో వేసుకుని అందరితోపాటు వరుసలో వెళ్తున్నాను, అందరి గొంతులూ వింటున్నాను.

ఫోము ప్లగ్గులు చవకే గానీ, చెవి లోపల వాటి ఒత్తిడిని నేను భరించలేను. శబ్దాన్ని రద్దుచేసే బ్యాటరీ హెడ్‌ఫోన్లు ఏసీ హోరు వంటి ఎడతెగని మోతకు బాగా పనిచేస్తాయి, హఠాత్తుగా వచ్చే చప్పట్లకు అంతగా పనికిరావు.

పిల్లలకు కొనేవారు చిన్న తలకు సరిపడే కొలతే తీసుకోండి, ఇంటికి రాగానే తీసేయించండి. రోజంతా పెట్టుకుంటే చెవులు నిశ్శబ్దానికి అలవాటుపడి మామూలు చప్పుళ్లు కూడా గుచ్చుకుంటాయని ఆడియాలజిస్టులు హెచ్చరిస్తారు. నేను బస్సులో పెట్టుకోను; హాలు మెట్లెక్కేదాకా బైబిలు సంచిలోనే ఉంచి, మొదటి పాటకు ముందు తీస్తాను.